మొలకకో మనిషి

ముసలామె చేత ఆకు తినిపించారు. చేతిలో నీళ్ళ క్యానుతో మడి పక్కన నిలబడి నేను చూశాను. నాతోపాటు ఇంకో పదిమంది ఆడవాళ్ళు చూశారు. ఒక్కరం నోరెత్తలేదు. ఈ కథ వినడానికొచ్చిన కార్మికులూ, విద్యార్థులూ, ముందు ఆ సంగతి తెలుసుకోండి. మేం పుట్టుకతో వీరులమేం కాదు.

మేం అడవి శాఖ నర్సరీలో రోజు కూలీలం. నర్సరీ వెనక కంచె దాటితే అడవి వాలు మొదలవుతుంది. ఆ వాలు మీద మేకలు మేపుకునే ఆమెని మా పేటంతా అవ్వ అనే పిలుస్తుంది. ఆ పొద్దున ఆమె మేక ఒకటి కంచె పక్కన జానెడు మొక్క చివురు కొరికింది. అది గార్డు కంటబడింది. మేం చదును చేసిన మడుల్ని బూట్లతో తొక్కుకుంటూ తిరుగుతాడని అతనికి మేం పెట్టుకున్న పేరు బూట్లాయన. అతను ఆ మొక్కని పీకి, అవ్వని నర్సరీ గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు.

"నీ మేక అడవిని తింటోంది కదా. నువ్వూ తిను. రుచి తెలుస్తుంది."

"పళ్ళు లేవు బాబూ."

"నమలమన్నానా? మింగు."

అవ్వ మింగింది. గొంతుకి అడ్డం పడి కళ్ళవెంట నీళ్ళు కారాయి. అయినా మింగింది.

గేటు పక్కన జీపులో కాంట్రాక్టరు కూర్చుని ఉన్నాడు. ఎంత ఘోరం చెయ్యబోతున్నా 'తల్లీ, చెల్లీ' అనకుండా మొదలుపెట్టడు కాబట్టి ఆయన మాకు తియ్యనాయన. "వదిలెయ్ తమ్ముడూ, పెద్దావిడ" అన్నాడు, ఆమె మింగేశాక. తర్వాత మావైపు తిరిగి, "చూశారు కదా తల్లీ, మేకలున్నచోట అడవి బతకదమ్మా. మీ మంచికే చెబుతున్నా" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఎక్కి ఏం లాభం? క్యాను వంచి మడికి నీళ్ళు పోశాను.

అదే రోజు గేటుకి ఒక కాగితం అంటించారు. వచ్చే ఏడాది వానలు వెనకబట్టే వేళకి లెక్కల అధికారి వస్తాడట. ఆ వాలు మీద అడవి సొంత చెట్ల మొలకలు ఐదువందలు బతికి ఉంటే అది అడవి. ఐదువందలు లేకపోతే చచ్చిన అడవి. చచ్చిన అడవికి కంచె వేసి నలభై ఏళ్ళపాటు తియ్యనాయన చేతిలో పెడతారు. పాత చెట్లన్నీ కొట్టించి, కాగితం మిల్లుకి పనికొచ్చే నిటారు చెట్లు నాటిస్తాడు. వాటి కింద గడ్డి మొలవదు, పిట్ట వాలదు. మేం వాటికి కాగితం చెట్లని పేరు పెట్టాం. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ నారంతా సంచుల్లో పోసి పెంచుతున్న చేతులు మావే.

సాయంత్రం పని దిగాక మట్టి కలిపే షెడ్డులో అందరం చేరాం. పశువుల వాళ్ళు ఒక పక్క, నర్సరీ ఆడవాళ్ళం ఒక పక్క. మీటింగంటే మీటింగు కాదది, కొట్లాట. పశువుల వాళ్ళ తరఫున మా మామయ్య లేచాడు. మా అమ్మకి తమ్ముడు, పేటలో ఆవులన్నీ ఆయనే తోలుకెళ్ళి మేపుతాడు.

"ముసల్దాన్ని కూర్చోబెట్టి ఆకు మింగిస్తుంటే మీరేం చేస్తున్నారే? నీళ్ళు పోస్తున్నారా?"

"మరి మీరు పాతికేళ్ళుగా ఏం చేస్తున్నారు?" అని మాలో ఒకామె తిరగబడింది. "కనబడ్డ చివురల్లా మేపించారు. ఇప్పుడు అడవి పోతోందని ఏడుపు!"

"మా గొడ్లు మూతి పెడితే పాపం. మీరు సంచుల్లో పెంచి ఇచ్చే కాగితం చెట్లు వచ్చి మమ్మల్ని తరిమితే పుణ్యమా?"

"కూలి మానేస్తే నువ్వు పెడతావా మామయ్యా మాకు తిండి?" అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్!"

"నువ్వే ముయ్!"

అంతవరకూ మూల బస్తా మీద కూర్చున్న అవ్వ చేతికర్రతో నేల మీద కొట్టింది.

"నా మేకలు తిన్నమాట నిజం" అంది. "అడవిలో తాత చెట్లున్నాయి, మనవలు లేరు. అది నా మేకల వల్లే. ఆయన చెప్పినదాంట్లో అంతవరకు అబద్ధం లేదు. కానీ మొలకలు చచ్చాయా? వచ్చి చూశాడా ఎప్పుడన్నా? ముళ్ళ పొద మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. లోపలుంటాయి. ముల్లు కంటికి దగ్గరైతే మేక మూతి వెనక్కి తీసుకుంటుంది. అరవై ఏళ్ళుగా వాటి తోకలు చూస్తూ తిరిగాను, నాకు తెలీదా?"

"అయితే?"

"అయితే ఏముంది. పొద లేనిచోట పొద మనమే పెడదాం. మొలక కనబడ్డ చోటల్లా ముళ్ళ కంప నరికి చుట్టూ పేర్చుదాం. వాలుని మూడు ముక్కలు చేసి ఒక ముక్కలోకి ఈ ఏడు ఎవరూ పశువుని తోలొద్దు."

మామయ్యకి ఒళ్ళు మండింది. "మూడోవంతు మూసేస్తే నా ఆవులు ఎక్కడ మెయ్యాలి? నా నెత్తి మీదా?"

"అక్కడ ఏం మిగిలిందని మెయ్యడానికి?" అని ఎవరో ఆయన బట్టతల మీద జోకేశారు. కొట్టుకోడానికొచ్చిన వాళ్ళం నవ్వేశాం. ఆ నవ్వు మీదే నాకు తట్టింది. మడుల్లోంచి రోజూ మోపులకొద్దీ కలుపు పీకి గోతిలో పారేస్తున్నాం. ఆ గడ్డిని ఇంటికెళ్ళేటప్పుడు మోసుకెళ్ళి పశువుల వాళ్ళకిస్తే? మూసిన ముక్కకి బదులు అదే మేత. మామయ్య చాలాసేపు గొణిగాడు. చివరికి, "పచ్చిగడ్డి తేవాలి. వాడిపోయింది తెస్తే విసిరికొడతా" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. పొద్దున మేం ఎందుకు నోరు మూసుకున్నామని మాత్రం అవ్వ మమ్మల్ని అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పని మొదలైంది. చెప్పినంత తేలిక కాదది. కంప నరికితే మోచేతులదాకా గీరుకుపోయేది. వేలికి దిగిన ముల్లు వారం రోజులు సలిపేది. పొద్దున పశువుల వాళ్ళు, సాయంత్రం మేము, ఒక్కో మొలక దగ్గర గొంతు కూర్చుని కంప చుట్టాం. మొదట్లో ఏవి మొలకలో ఏవి పిచ్చి మొక్కలో నాకే తెలిసేది కాదు. పదేళ్ళుగా నర్సరీలో పనిచేస్తున్నదాన్ని! కాగితం చెట్టు తప్ప ఇంకో మొక్క మొహం చూడనిచ్చారా మమ్మల్ని? అవ్వే చూపించింది, ఆకు వెనక నూగు చూసి ఏది ఏదో ఎలా చెప్పాలో. మూసిన ముక్కలోకి ఒకసారి ఆవులు పడితే మామయ్యే సొంత ఆవుల్ని తిట్టుకుంటూ తరిమాడు. ఆ తిట్లు ఇక్కడ చెప్పను, విద్యార్థులున్నారు.

వానలు పడ్డాయి. ఎన్నో ఏళ్ళుగా జానెడు దాటని మొలకలు మోకాలెత్తు లేచాయి. చూస్తే కడుపు నిండేది. ఒక చిక్కు వచ్చిపడింది. మూసిన ముక్కలో గడ్డి కూడా నడుమెత్తు పెరిగింది. దాన్ని కోసి మేతకి తెచ్చేవాళ్ళ కొడవలికి మొలకలు తెగిపోతున్నాయి. ఒక్క వారంలో తొమ్మిది తెగాయి.

నేనెందుకున్నాను, నర్సరీ మనిషిని కదా! నర్సరీలో ప్రతి మడికీ గుర్తు ఉంటుంది. ఏ వరసకి ఏ రంగు పీలిక కట్టాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇంట్లో ఉన్న ఎర్ర దుప్పటి తీసి బెత్తెడు వెడల్పున పీలికలు చింపడం మొదలుపెట్టాను. అమ్మ లబోదిబోమంది.

"చలికాలం ఏం కప్పుకుంటావే? మీ మామయ్య ఆవుల్నా?"

"ఆకు వస్తుందిలేవే, కప్పుకుందాం" అని నవ్వాను. ఒక దుప్పటి చాలక పక్కింటివాళ్ళ కర్టెన్లూ అడిగాను. ఒక్కో మొలక పక్కన పుల్ల పాతి, పుల్లకి ఎర్ర పీలిక కట్టాం. అవ్వకి నచ్చలేదు.

"గుర్తు పెడితే మనకొక్కళ్ళకే కనబడదే పిల్లా."

"లేకపోతే కొడవళ్ళకి పోతున్నాయి కదవ్వా. నర్సరీలో పదేళ్ళు చేశాను, నాకు తెలీదా?" అన్నాను. అవ్వ మాటే తిరిగి అవ్వకి అప్పజెప్పాను. ఎంత పొగరు! అందరూ నావైపే మొగ్గారు. వాలంతా ఎర్ర పీలికలు రెపరెపలాడుతుంటే గర్వంగా నిలబడి లెక్కపెట్టాను. ఆరువందల పన్నెండు.

లెక్కల అధికారి రావడానికి పది రోజులుందనగా, ఒక పొద్దున బూట్లాయన పేటలో పశువులన్నిటినీ బందెలదొడ్డికి తోలేశాడు. పశువుల వాళ్ళంతా వాటి వెంట పరిగెత్తారు, బందె డబ్బు కట్టి సాయంత్రానికి గానీ విడిపించుకు రాలేకపోయారు. ఆ రోజే మాకు నర్సరీలో ఎప్పుడూ లేనంత పని చెప్పి, మధ్యాహ్నం బయటికి కదలనివ్వలేదు. పట్టపగలు, ఎండలో, తియ్యనాయన లారీలో దిగిన ఇరవైమంది వాలు ఎక్కారు. వాళ్ళకి మొలక అంటే ఏంటో తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేకపోయింది. ఎర్ర పీలిక నుంచి ఎర్ర పీలికకి నడుచుకుంటూ పోయారు. కంప లాగేసి, మొలక పట్టి పీకి, పీలిక విప్పుకుని వచ్చారు. కంపలన్నీ బాట మీద కుప్పపోసి తగలబెట్టారు.

మేం పని దిగి వచ్చేసరికి గేటు ముందు నా దుప్పటి పీలికలు పోగుపడి ఉన్నాయి. తియ్యనాయన జీపు దిగి నా దగ్గరికే వచ్చాడు.

"చాలా చక్కగా కట్టావు తల్లీ. మా వాళ్ళకి వెతుక్కునే పనే లేకపోయింది."

తలకొట్టేసినట్టయింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. చచ్చేదాకా ఉంటుంది.

ఆ సాయంత్రం షెడ్డులో నన్ను కడిగేశారు.

"నీ నర్సరీ బుద్ధి!" అని మామయ్య అరిచాడు. "అడవికి పేర్లూ నంబర్లూ కడతావుటే? దొంగకి దారి చూపించడానికి దీపం పెట్టావు కదే!"

"పై ఆఫీసుకి కంప్లయింటు ఇద్దాం" అన్నారొకరు.

"ఏమని? లేని మొలకలు పీకారనా? సాక్ష్యం ఏదంటారు."

"అంతా నా వల్లే. చెప్పుతో కొట్టండి" అన్నాను. ఏడుపు ఆగలేదు. నిజంగానే ఎవరన్నా కొడితే బాగుండనిపించింది.

అప్పుడు అవ్వ వచ్చింది. కొంగులోంచి ఒక వేరు తీసి నేల మీద పెట్టింది. పైన విరిగిన మొండెం వేలెడు ఉంది. కింద వేరు బొటనవేలంత లావున, మూరెడు పొడవున ఉంది.

"దీన్నొక్కదాన్ని తవ్వాను. మీకు చూపించాలని" అంది. "కూలికొచ్చినవాళ్ళు హడావుడిగా లాగారు. చిన్నవి ఊడొచ్చాయి. వేరు దిగినవి మెడ దగ్గర విరిగాయి, అంతే. ఏళ్ళ తరబడి నా మేకలు పైన కొరుకుతుంటే ఇది కింద బలుస్తూ కూర్చుంది. మేకలకే చావలేదు, వీళ్ళ చేతులకి చస్తుందా?"

"పది రోజుల్లో చివురేస్తుందా?" అడిగాను నేను.

"నేల ఇంకా తడిగానే ఉంది. వేస్తుంది. మూతి తగలకూడదు."

అందరూ మామయ్యవైపు చూశారు. ఆయన ఆ వేరుని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "రేపట్నించి నా ఆవులు గుంజ దాటవు. మూడోవంతు కాదు, వాలు మొత్తం" అన్నాడు. "మీరెవరన్నా ఒక్క మేకని వదిలితే కాళ్ళిరగ్గొడతా." మేక కాళ్ళా, మనిషి కాళ్ళా అని ఎవరూ అడగలేదు.

పది రోజులు పశువులన్నీ ఇళ్ళ ముందే ఉన్నాయి. ఆకలికి అవి అరిచిన అరుపులకి పేటలో ఎవరికీ సరిగ్గా ముద్ద దిగలేదు. కలుపు చాలక కాలవ గట్లు గీకాం. పాలు సగానికి పడిపోయాయి. పుల్లలేరుకునే వంకన ఒక్కొక్కరం వాలు ఎక్కి మా మా మొండేల్ని చూసుకొచ్చాం. ఈసారి పీలిక లేదు, పుల్ల లేదు, రాయి కూడా పెట్టలేదు. నిలువు బండకి ఎడమచేతివైపు ఏడడుగులు. చీలిన మానుకి ఎదురుగా గుంటలో రెండు. ఇలా ఒక్కొక్కరం మూడూ నాలుగూ బట్టీ పట్టాం. నాకు మూడొచ్చాయి. ఎనిమిదో రోజున నా మొదటిదానికి చీమ తలంత ఎర్ర చివురు కనబడితే అక్కడే కూలబడి ఏడ్చాను.

అధికారి వచ్చే పొద్దున బూట్లాయన మమ్మల్ని నర్సరీలో పెట్టి గేటుకి తాళం వేశాడు. పాపం, ఆ గేటుకి కీళ్ళు ఊడి రెండేళ్ళయిందని ఆయనకి తెలీదు. రోజూ దాన్ని ఎత్తి పక్కన పెట్టి లోపలికొచ్చేది మేమే. తాళంతో సహా ఎత్తి పక్కన పెట్టి పదకొండుమందిమీ వాలు ఎక్కాం.

లెక్కల అధికారి సన్నటి మనిషి, చంకలో రిజిస్టరు. పక్కన తియ్యనాయన, వెనక బూట్లాయన, బాట మీద రెండు వ్యాన్ల పోలీసులు. లెక్కపెట్టడానికి రెండు వ్యాన్లు దేనికో మీరే చెప్పండి.

"ఏముంది సార్ ఇక్కడ, గడ్డి తప్ప? పాపం అడవి చచ్చిపోయింది" అన్నాడు తియ్యనాయన.

"ఇక్కడొకటి" అంది మా అమ్మ. మోకాళ్ళ నొప్పులతో వాలు ఎక్కి, రాతి పక్కన నిలబడి ఉంది.

"ఇక్కడ రెండు!" మామయ్య గొంతు.

"ఇక్కడ!" "ఇక్కడ!" "ఈ పక్కకి రండి!"

మానుల వెనకనుంచి, గుంటల్లోంచి, బండల చాటునుంచి పేట పేటంతా లేచి నిలబడింది. ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర గోరంత చివురు. అధికారి వంగాడు. ఆకు తిప్పి వెనక నూగు చూశాడు. రాసుకున్నాడు.

"గడ్డి పరకలు సార్ అవి" అన్నాడు తియ్యనాయన.

"గడ్డికి ఇలాంటి ఆకుండదు" అన్నాడు అధికారి. ఆ ఒక్క మాటకి ఆయన్ని మెచ్చుకుంటాను. ఆ తర్వాత చేసినదానికి ఉమ్మేస్తాను.

మనిషి దగ్గరనుంచి మనిషి దగ్గరికి నడిచాడు. వంద. రెండువందలు. నాలుగువందలు దాటేసరికి తియ్యనాయన నోట్లో తీపంతా ఇంకిపోయింది. అధికారి మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. అధికారి తిరిగొచ్చి, మా ఎవరి మొహాలూ చూడకుండా రిజిస్టరు మూశాడు.

"నాలుగువందల పదిహేడు. ఐదువందలు లేవు."

"మీరు చూడలేదింకా! పైన సగం వాలుంది!"

"టైమైపోయింది."

"పొద్దు నడినెత్తికి కూడా రాలేదు, టైమెలా అయిపోతుందయ్యా?" అని మామయ్య కేకేశాడు.

నాలుగువందల పద్దెనిమిదోది అవ్వది. రెండడుగుల దూరంలో ఉంది. "బాబూ, ఇదొక్కటి వంగి చూడు" అంది అవ్వ. అధికారి కదల్లేదు. బూట్లాయన కదిలాడు. ఆమె ముందుకొచ్చి, చివురు మీదికి బూటు ఎత్తాడు. అవ్వ చటుక్కున కూర్చుని దాని మీద అరచెయ్యి బోర్లించింది. బూటు ఆగలేదు. వేళ్ళ ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినబడింది.

అవ్వ అరవలేదు. "తియ్యి. ఆరోజు పళ్ళు లేవని మింగాను. ఇవాళ మింగను" అంది.

ఈసారి నా చేతిలో నీళ్ళ క్యాను లేదు. నేను వెళ్ళి బూట్లాయన్ని రెండు చేతులతో తోశాను. వెనక్కి పడ్డాడు. పోలీసులు లాఠీలతో ఎగబడ్డారు. నా మూడు మొలకలు వెనక ఉండిపోయాయని గుర్తొచ్చి తిరిగి చూస్తే అక్కడ మా పక్కింటామె నిలబడి ఉంది, ఎవరి కర్టెన్లు చింపానో ఆమే. మామయ్యని ఈడ్చుకుపోతే ఆయన చోటులో ఇంకొకరు. ఆమెని లాగితే ఇంకొకరు. కొట్టినా ఎవరూ పరిగెత్తలేదు. పరిగెడితే కాలికింద పడేది మా మొలకే. అరవైముగ్గుర్ని వ్యానెక్కించి వాళ్ళే అలిసిపోయారు.

స్టేషన్లో ఆడవాళ్ళ గదిలో అవ్వ గోడకి ఆనుకుని కూర్చుంది. చేతికి నా కొంగు చింపి కట్టాను. చెయ్యి వాచి నల్లబడింది.

"నాదాన్ని ఎవరు చూస్తున్నారే?"

"అమ్మ చూస్తోందవ్వా."

"మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదే. రేపు ఎవర్నన్నా మార్చమని చెప్పు" అంది. తర్వాత ఒక్కొక్కరం మా మొలకలు ఎక్కడున్నాయో ఒకరికొకరం చెప్పుకున్నాం. ముందు విడుదలయ్యేవాళ్ళు అందరివీ చూడాలి కదా. నిలువు బండకి ఎడమచేతివైపు ఏడడుగులు. గుంటలో రెండు. కాపలా ఉన్న పోలీసమ్మ అదేదో పాటనుకుని ఊరుకుంది.

అవ్వ కుడిచెయ్యి ఇంక పనిచెయ్యదు. మా పదకొండుమందినీ నర్సరీలోంచి తీసేశారు, నామీద కేసు నడుస్తోంది. వాలు చచ్చిన అడవి అని కాగితం మీద రాసేశారు. కంచె స్తంభాలు లారీల్లో తెచ్చి బాట పక్కన పడేసి మూడు నెలలైంది. ఇంతవరకు ఒక్క స్తంభం కూడా నిలబెట్టలేకపోయారు. గడ్డపలుగు ఎత్తిన చోటల్లా ఎవరో ఒకరు నిలబడి ఉంటున్నారు. ఆ మనిషి కాళ్ళ దగ్గర ఇప్పుడు జానెడు మొక్క ఉంటోంది. గుంత తవ్వడానికొచ్చిన కూలీలు నిన్న పలుగులు కింద పడేసి, మాతో కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. రేపు ఇంకో లారీ పోలీసులు వస్తారట. రేపు పొద్దున నిలువు బండ దగ్గర వంతు నాది. పై వాలులో ఇంకా మనుషులు చాలడం లేదు. ఎవరెవరు వస్తున్నారో చేతులెత్తండి, మీ మొలక ఎక్కడుందో ఇప్పుడే చెబుతాను.